శనివారం బ్యాచ్

విడాకులయ్యాక మా తొమ్మిదేళ్ళ అమ్మాయి ఎప్పుడెవరి దగ్గరుండాలో తేల్చుకోవడానికి ఆమె తల్లీ నేనూ ఖాజాగూడలో ఒక కాఫీ షాపులో కూర్చున్నాం. వారమంతా మణికొండలో తల్లి దగ్గర, శనివారం నాలుగింటి నుంచి పుప్పాలగూడలో నా దగ్గర.

"ఐదింటికి దాని డాన్స్ క్లాసుందండీ. ఏడింటికి తీసుకెళ్ళకూడదూ?" అందామె.

"ఉన్నదే ఒకటిన్నర రోజు. క్లాసే మార్పించు," అన్నాను మొండిగా.

మార్పించిందనే అనుకున్నాను. నాలుగు నెలల తర్వాత డాన్స్ ఎలా సాగుతోందని పాపను అడిగాను.

"మానేశా నాన్నా. మా బ్యాచ్ శనివారమే. మళ్ళీ మీరిద్దరూ గొడవ పడతారని, అమ్మతో బోర్ కొడుతోందని చెప్పేశా."

వెంటనే పాప తల్లికి ఫోన్ చేశాను. ఒక్క నిమిషంలో నాలుగు కాస్తా ఏడయింది. సంబరంగా పాపకు చెప్పాను.

"ఇప్పుడొద్దులే నాన్నా. వాళ్ళంతా చాలా నేర్చేసుకున్నారు," అంది.