వరండాలో ఇరవై ఇద్దరు

1955 జనవరిలో నన్ను కర్నూలు జిల్లా పడమటి వైపున్న ఒక తాలూకా ఆసుపత్రికి అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. జిల్లా మెడికల్ ఆఫీసరు కింద పనిచేసే డాక్టరు హోదా అది. ఆ ఊళ్లో మాత్రం ఆసుపత్రికంతటికీ పెద్దను నేనే. నాకప్పుడు ఇరవై ఏడేళ్లు. నా కింద ఒక నర్సు, ఒక కాంపౌండరు, ఇద్దరు వార్డు పనివాళ్లు. మంచాలు పదహారు.

సర్కారు భోజనం, దుప్పటి ఆ పదహారు మంచాలకే. మంచం నంబరు లేనిదే ఇన్‌పేషెంటు రిజిస్టరులో పేరు ఎక్కించకపోవడం నాకంటే ముందు నుంచీ ఉన్న అలవాటు. మంచం దొరకనివాళ్లు వరండాలో సొంత చాపలు పరుచుకుని, ఇంటివాళ్లు తెచ్చిన సంగటి తిని, వైద్యం మా దగ్గర చేయించుకునేవారు. వాళ్ల పేర్లు రోజూ ఔట్‌పేషెంటు రిజిస్టరులో, ఆ పొద్దే కొత్తగా వచ్చినట్టు రాసేవాళ్లం.

పన్నెండు మంచాల కొత్త వార్డు కట్టించమని నాకు ముందున్న డాక్టరు పంపిన ప్రతిపాదన ఆర్థిక శాఖ నుంచి తిరిగొచ్చింది. ఉన్నవి పదహారు మంచాలు, ఏ రోజూ పదహారుమందిని మించి ఇన్‌పేషెంట్లు లేరు, మరి అవసరమేమిటని వాళ్ల ప్రశ్న. మేం పంపిన కాగితాల ప్రకారం అది న్యాయమైన ప్రశ్నే. నేను మళ్లీ రాశాను. అప్పట్లో కర్నూలే రాజధాని, ఆఫీసులు కొన్ని డేరాల్లో నడిచేవి. రాతలతో తేలేలా లేదని ఆర్థిక శాఖ అధికారి ఒకరు స్వయంగా చూడటానికి వస్తున్నట్టు ఫిబ్రవరిలో కబురొచ్చింది. మార్చి ఆఖరులోపు మంజూరు కాకపోతే ఆ ఏటి నిధులు మురిగిపోతాయి. కథ మళ్లీ మొదటికొస్తుంది.

తనిఖీ అంటే నాకు తెలిసింది శుభ్రత ఒక్కటే. గోడలకు సున్నం వేయించాను, మంచాలకు ఉతికిన దుప్పట్లు పరిపించాను. ఆ రోజు పొద్దున్నే వరండా ఖాళీ చేయించి, అక్కడున్నవాళ్లను పక్కనే ఉన్న సత్రానికి పంపమన్నాను. మా నర్సు సుగుణమ్మ ఆ ప్రాంతపు క్రైస్తవ కుటుంబంలో పుట్టిన మనిషి, నాకంటే పదిహేనేళ్లు పెద్దది. ఆమెకు నా ఆలోచన నచ్చలేదు.

“జాగా చాలదని రాస్తాండాం కదా సార్. చూసేదానికి వచ్చే ఆయప్పకు ఖాళీ వరండా చూపిస్తే ఎట్ల?”

చెప్పింది చెయ్యమన్నాను. చేసింది.

అధికారి పది దాటాక వచ్చారు. కోస్తా జిల్లా మనిషి, మాట తక్కువ. వార్డంతా తిరిగి మంచాలు లెక్కపెట్టుకున్నారు. వరండాలోకొచ్చి తళతళలాడే నేలను చూసి, “చాలా బాగా ఉంచారు. పదహారు మంచాలు, పదహారుమంది. అంతా సరిపోయింది కదా!” అంటూ పుస్తకంలో ఏదో రాసుకున్నారు. సుగుణమ్మ చెప్పినదేమిటో అప్పుడు నా తలకెక్కింది.

సరిగ్గా పదకొండింటికి ఆమె మందుల గంట కొట్టింది. అది మందులకు రమ్మని రోజూ కొట్టే గంటే. ఆపమని నేను చెప్పలేదు, ఆమె అడగనూ లేదు. సత్రం వైపు నుంచి మనుషులు బయల్దేరారు. కట్లు కట్టిన కాళ్లతో కొందరు, చాపలు చంకన పెట్టుకుని కొందరు, బిడ్డలనెత్తుకున్న తల్లులు. వరసగా వచ్చి ఎవరి చోట వాళ్లు చాప పరిచారు. కాలికి పుండుతో వచ్చిన హనుమన్న అనే ముసలి రైతుకు మాత్రం చోటు దొరకలేదు. అక్కడ అధికారి నిలబడి ఉన్నారు.

“కొంచెం జరుగప్పా, ఇది నా జాగా,” అన్నాడు హనుమన్న.

ఆయన జరిగారు. ఎన్నాళ్ల నుంచి ఉంటున్నావని అడిగారు.

“పోయిన సంత నుంచీ ఈడనే పండుకుంటాండా. మంచం యాడుండాది? ఈ పొద్దు ఎవరో దొర వస్తాండాడని సత్రానికి తోలినారు. ఆయన పోయినాడో లేదో మాకేం తెలుసప్పా, గంట కొట్టినారు, వచ్చినాం.”

అధికారి పగలబడి నవ్వారు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, ఎంతమందిని దాచారని నన్నడిగారు. ఇరవై ఇద్దరినని ఒప్పుకున్నాను. నా మొహం చూసి కాంపౌండరు కూడా నవ్వాపుకోలేక మందుల గదిలోకి తప్పుకున్నాడు.

ఆ తర్వాత ఆయన నాకు ఓపికగా పని నేర్పారు. తాను కళ్లతో చూసినది ఫైలుకెక్కదని, రిజిస్టరు చూపిస్తేనే ఎక్కుతుందని చెప్పారు. జిల్లా మెడికల్ ఆఫీసరు అనుమతి తెచ్చుకుని, నేల మీద పడుకున్నవాళ్లకూ నంబర్లిచ్చి ఇన్‌పేషెంటు రిజిస్టరులో ఎక్కించి, రోజువారీ పట్టిక పంపమన్నారు. ఆ మధ్యాహ్నమే అనుమతి కోసం రాశాను. అది రాగానే సుగుణమ్మ వరండా గోడ పొడుగునా బొగ్గుతో అంకెలు వేసింది. కొత్త సున్నం మీద అవి బాగా కనిపించాయి.

మూడు వారాల పట్టికలు వెళ్లాయి. మార్చి ఆఖరి వారంలో మంజూరు ఉత్తర్వు చేతికొచ్చింది. అడిగినవి పన్నెండు మంచాలైతే ఇచ్చినవి పది. కొంతైనా తగ్గించకుండా ఆర్థిక శాఖ సంతకం చేయదని తర్వాతి సర్వీసులో తెలుసుకుని, కావలసినదానికంటే కాస్త ఎక్కువే అడగడం అలవాటు చేసుకున్నాను.

ఆపైన చాలా ఆసుపత్రుల్లో పనిచేశాను. తనిఖీ రోజున రోగిని పడుకున్న చోటు నుంచి ఎన్నడూ కదిలించలేదు. మంచం ఉన్నా లేకపోయినా చేరిన రోజే రిజిస్టరులో పేరు రాయించాను. పేరు రాయని రోగి ప్రభుత్వానికి కనిపించడు. రాయవలసిన పని డాక్టరుది.