వాసన చూసిన పూలు

ఇవాళ పొద్దున పాలు పొంగి, మాడి, గిన్నె అడుగు నల్లబడినా, పొయ్యికి వీపు పెట్టి కూర్చున్న మా అక్క చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే ఉంది. నేను పెరట్లోంచి పరుగున వచ్చి పొయ్యి ఆర్పి నోటికొచ్చినట్టు తిట్టాను. తిట్టాక గుర్తొచ్చింది. నాకెప్పుడూ నోరు ముందు, బుద్ధి తరువాత.

బాగలూరు దగ్గర మాకు పూలతోట ఉండేది. తెల్లవారేలోగా మల్లె, కనకాంబరం కోసి హోసూరు బస్సుకు వేయాలి. దేవుడికి పోయే పూలను వాసన చూడకూడదన్నది మా నాయన పెట్టిన చట్టం. చూస్తే ఎంగిలి. "తేనెటీగ మూతి పెడితే అంటని ఎంగిలి మా ముక్కుకు యాడిది నాయనా?" అని నేను వాదించేదాన్ని. అక్క వాదించేది కాదు, చూసేసేది. "మళ్ళా చూసినావా అమ్మా? ఆ బుట్ట ఇంక ఏ దేవునికి పెట్టేది?" అని నాయన తల పట్టుకునేవాడు. కళ్ళు మూసి పువ్వు చేతికిస్తే అది నిన్నటిదో నేటిదో, మా తోటదో తళి ఊరి వైపు తోటల నుంచి వచ్చిందో చెప్పేసేది అక్క.

ఆ ముక్కే డెబ్బైలలో ఆమెను బెంగళూరులో రసాయన పరిశోధనలో చేర్చింది. మల్లెలోంచి వాసనను బయటికి తీసి, అందులో ఏమేమున్నాయో విడదీసి చూడటం ఆమె పని. ఐదేళ్లు గడిచినా గురువుగారు థీసిస్ మీద సంతకం పెట్టలేదు. "ఇంకొక్క మల్లెకాలం చూద్దామమ్మా" అని ఏటా అదే మాట. ఆమె కనిపెట్టినవి మాత్రం ఆయన పేరుతో అచ్చయ్యేవి. ఒకసారి ల్యాబ్ చూడటానికి వచ్చిన జర్మనీవాళ్లు ఆమె పది సీసాలను ముక్కుతోనే గుర్తుపట్టడం చూసి, సబ్బులకు సువాసనలు తయారుచేసే తమ కర్మాగారంలో ఉద్యోగమిస్తామని రాశారు.

అప్పటికి నేను కృష్ణగిరిలో లెక్చరర్ని. అక్క ఆ ఉత్తరం పట్టుకుని మా ఇంటికొచ్చింది.

"ఈ ఏడు ముగిసిపోతుంది మే. సగంలో ఇడిసి యాడికి పోయేది?"

"ముగియదు. నీ ముక్కుతో ఆయన పేరు సంపాదిస్తాడు, నువ్వు ఈడే ముసలిదానివైపోతావు. పో అక్కా!"

"పువ్వులో ఏముందో ఇంకా తెలియలేదే నాకు."

"ఆడ పూలుండవా?"

"ఆడుండేది సబ్బు మే."

మూడు రోజులు వాదించాను. నాలుగో రోజు ఆమె మాట్లాడటం మానేసింది. గెలిచిన సంబరంలో పెట్టె కూడా నేనే సర్దాను.

అక్కడ సువాసనలన్నీ పీపాల్లో ఉంటాయట. ప్రతి పీపా సరుకునూ యంత్రంలో పెట్టి చూడాలన్నది నియమం. యంత్రం గంటకు చెప్పేదాన్ని అక్క మూత తీసి వంగి నిమిషంలో చెప్పేది. ముఖానికి కట్టుకోమని ఇచ్చిన ముసుగు మెడలో వేలాడుతూ ఉండేది. ఆ మాత్రం పొగరు మా ఇంట్లో ఇద్దరికీ ఉంది. ఎనభైల మధ్యలో ఒక ఉత్తరం వచ్చింది: "నిన్నట్నుంచి కాఫీకి వాసన లేదు మే. పొడి పాతదేమో." ఆ తరువాతి ఉత్తరంలో పొడి మాట లేదు. ఏళ్ల తరబడి పీల్చిన ఆవిర్లు ముక్కులో నరాలను కాల్చేశాయని, వాసన ఇక తిరిగి రాదని డాక్టర్లు తేల్చారు. కంపెనీ ఆమెను కాగితాల పనిలో కూర్చోబెట్టింది. రెండేళ్లు కూర్చుని, వదిలేసి వచ్చింది.

హోసూరు బస్టాండుకు నేను ఎదురు వెళ్తూ, తెలివితక్కువదాన్ని, మూర మల్లెపూలు తీసుకెళ్లాను. అక్క వాటిని చాలాసేపు ముక్కు దగ్గర పెట్టుకుని, "బాగుండాయి మే" అంది, ఎవరి బిడ్డనో మెచ్చుకున్నట్టు.

ఇవాళ నేను మాడిన గిన్నె తోముతుంటే అక్క పెరట్లోంచి మల్లెలు కోసుకొచ్చింది. క్షమాపణ అడగడం నాకు రాదు, తోముతూనే ఉన్నాను. అక్క దేవుడి పటం ముందు నిలబడి, పాత అలవాటుగా ఒక పువ్వు ముక్కు దాకా తెచ్చుకుని నవ్వింది.

"నాయన ఉంటే ఇప్పుడు తిట్టడు మే. నేనెన్నిసార్లు చూసినా ఇవి దేవునికి పనికొస్తాయి."

నేను ఓడిన వాదాలన్నిటినీ కాలం మరిపించింది గానీ, గెలిచిన ఆ ఒక్కదాన్ని మాత్రం మరవనివ్వడం లేదు.