డిక్రీజ్‌తో ఒక వాక్యం

పక్కగదిలో మా పాప "డిక్రీజ్ అంటే తగ్గడం" అని బట్టీ కొడుతుంటే మా అవ్వ గుర్తొచ్చింది.

మన పాళెం వాళ్లకు గుర్తుందా? పడవలు చేపల వేటకెళ్లినప్పుడు ఇంట్లో ఎవరూ 'తగ్గింది' అనకూడదు, సముద్రం వింటుందని. బియ్యం తగ్గితే అవ్వ నిండుకున్నాయనేది. నా జ్వరం తగ్గితే నెమ్మదించిందనేది.

నా చిన్నప్పుడు, తాత వేటకెళ్లిన ఒక మధ్యాహ్నం సముద్రం ఎన్నడూ లేనంత వెనక్కి పోయింది. ఆ మాట అనకూడదు కదా అని, బడిలో నేర్చుకున్న మాటతో "అవ్వా, నీళ్లు డిక్రీజ్ అయినాయి!" అని అరిచాను.

"అంటే ఏందిమే?" అంది వల అల్లుతున్న అవ్వ.

చెప్పకుండా నవ్వుతూ పరిగెత్తాను. సముద్రానికి ఇంగ్లీషు రాదనుకున్నాను.

సాయంత్రానికి అన్ని పడవలూ వచ్చాయి, మా తాతది తప్ప.

"అమ్మా, డిక్రీజ్‌తో ఒక వాక్యం చెప్పవా?" అని పాప పిలుస్తోంది.