కరీం సాబ్ బస్తాలను నేను మార్చిన వైనం

1957 జూన్‌లో నన్ను గుంటూరు నుంచి హైదరాబాదు పాతబస్తీలోని ఒక కోర్టు రికార్డు గదికి సహాయ అనువాదకుడిగా బదిలీ చేశారు. అక్కడి పాత కేసులన్నీ ఉర్దూలో ఉన్నాయి. నాకు అందులో మొదటి అక్షరం అలిఫ్ కూడా రాదు. నాకంటే ఒక మెట్టు పైన రికార్డ్ కీపర్ కరీం సాబ్, ముప్ఫై ఏళ్ల సర్వీసు. ఆయనకు బేగంబజారులో బేరమాడేంత తెలుగు వచ్చు గానీ చదవడం, రాయడం రావు. డిసెంబరులో ఆయన తెలుగు, నేను ఉర్దూ పరీక్ష పాసు కావాలని హుకుం వచ్చింది. తప్పితే నాకు ఉద్యోగం ఖాయం కావడం ఆలస్యమవుతుంది, అంతే. ఆయనను మాత్రం గుమస్తాగా కిందికి దించుతారు.

"యాభై నాలుగేండ్ల దిమాగ్, రావ్ సాబ్. కొత్త సామాన్ యాడ పెట్టాలె?" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ ఆయన భయం చూసి నాకు జాలేసింది.

రోజూ మధ్యాహ్నం ఓ గంట ఒకరికొకరం పాఠం చెప్పుకునేవాళ్లం. రెండు నెలలు తిరిగేసరికి నా బుర్ర తలకిందులైంది. తెలుగు వారపత్రికను చివరి పేజీ నుంచి తెరిచేవాణ్ణి. ఒకసారి తెలుగు కాగితాలను ఉర్దూ పద్ధతిలో కుడి అంచున కుట్టేసి జడ్జి గారికి పంపాను. ఇంట్లో ఉప్పు అనే మాట గుర్తుకురాక "నమక్" అడిగాను. "ముందు ఉన్న భాష పూర్తిగా మరిచిపోండి, తర్వాత అది నేర్చుకోవచ్చు" అంది మా ఆవిడ.

కరీం సాబ్‌కు ఇలాంటి అవస్థ ఒక్కటీ లేదు. ఆయనకు తెలుగు అసలు ఎక్కడం లేదేమోనని నాకు అనుమానం వచ్చింది అక్కడే. కేసు కాగితాలను ఎర్రగుడ్డలో మూటకట్టి, పైన చీటీ అతికించి అరల్లో పేరుస్తాం. ఆ మూటే బస్తా. ఆయన రోజంతా చదువుతారు కదా అని పాత ఉర్దూ చీటీలు తీసేసి, అన్నీ తెలుగులో రాసి అంటించాను. ఆయన ఒక్క చీటీ చూస్తే ఒట్టు. ఏ బస్తా ఎక్కడుందో ఆయన చేతికే తెలుసు.

ఒక ఆదివారం జవానును బతిమాలి గది తెరిపించి, వంద బస్తాల చోట్లు మార్చేశాను. మర్నాడు జడ్జి గారు మాదన్నపేట ఇంటి దావా కాగితాలు అడిగారు. కరీం సాబ్ చెయ్యి అలవాటుగా మూడో అరలోకి వెళ్లింది. వేరే బస్తా వచ్చింది. ఇంకోటి లాగారు, అదీ కాదు. నా వైపు తిరిగారు.

"ఏందిది రావ్ సాబ్? నా దిమాగ్ గిట్ల ఖరాబైందా ఏంది?"

ఆ మాటకు సిగ్గుతో చచ్చిపోయాను. చీటీలు చదవమని మాత్రం చెప్పగలిగాను. వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ వెళ్లారు. పావుగంటకు బస్తా దొరికింది. సంగతి తెలిశాక ఆయన తిట్టిన తిట్లలో నాకు సగమే అర్థమయ్యాయి. తీరా నేను బస్తాలు మళ్లీ సర్దబోతే అడ్డుపడ్డారు. "గట్లనే ఉండనీ. ఇప్పుడు మజా వస్తున్నది" అన్నారు.

డిసెంబరులో ఆయన పాసయ్యారు. నేను తప్పాను.

పరీక్షలో పాత అర్జీల గొలుసుకట్టు రాత ఇచ్చారు. ఆఫీసులో అలాంటి కాగితం దగ్గర నేను తడబడితే చాలు, కరీం సాబ్ ఎంతో ఆదరంగా చదివి అర్థం చెప్పేవారు. ఆరు నెలలూ హాయిగా విన్నాను. ఫలితాలు వచ్చిన మర్నాడు ఒక అర్జీ పట్టుకుని వెళ్తే, "మీరే చదువుకోండ్రి" అని కుర్చీ అటు తిప్పుకున్నారు. మార్చిలో పాసయ్యాను.

కొత్త భాషకు బుర్రలో చోటు లేకపోవడం వయసు వల్ల కాదు. తప్పించుకునే దారి ఉన్నంతకాలం ఏ వయసు బుర్రయినా ఆ దారినే పోతుంది. ఆ దారిని నేను ఆయనకు దుడుకుగా మూశాను. ఆయన మంచివాడు కాబట్టి నాకు ఆలస్యంగా మూశారు.