లాభం, రెండు, మూడు

మా మేనకోడలు అప్పలలక్ష్మిని సర్జరీ ఇంటర్వ్యూకి తయారు చేస్తున్నది నేనేనని రేవు పక్కనున్న మా వాట్‌గంజ్ పేటంతా చెప్పుకున్నాను. తాను దూర సందు లేదు, మెడకో డోలు అంటారు కదా. నా బతుకులో నేను వెళ్లిన ఇంటర్వ్యూ ఒక్కటే, పోర్టు ఆఫీసులో గుమాస్తా పనికి. అందులో అడిగిన ప్రశ్న కూడా ఒక్కటే, మీ నాన్న పేరేమిటని. ఆయన అదే రేవులో ముప్ఫై ఏళ్లు మూటలు మోశాడు కాబట్టి నాకు ఉద్యోగం వచ్చింది. అయినా మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. ప్రసన్నకుమార్, బీకాం అని తలుపు మీద రాయించుకున్నాను కూడా.

లక్ష్మి అమ్మానాన్నలు, అంటే మా అక్కా బావా, బడ్జ్ బడ్జ్‌లో జూట్ మిల్లు పనివాళ్లు. మంచి బడి కోసం ఆరో ఏట పిల్లను మా దగ్గర దింపారు. అది ఇక్కడే పెరిగింది. మా అమ్మ దాలమ్మ ముందు గదిలో చిన్న కొట్టు నడుపుతుంది. శ్రీకాకుళం వైపు నుంచి హౌరాకు రైలుబండిలో వచ్చే చోళ్లు (రాగులు), ఉలవలు, అటుకులు చుట్టుపక్కల మనవాళ్లకు అమ్ముతుంది. లక్ష్మి బడి నుంచి రాగానే ఆమె పక్కన కూర్చుని తవ్వతో కొలిచేది. చదువంతా బెంగాలీలో, ఇంగ్లీషులో సాగింది. తెలుగు అక్షరాలు ఇప్పటికీ కూడబలుక్కునే చదువుతుంది. కానీ ఏది లెక్కపెట్టినా దాని నోట్లో తెలుగే, అదీ మా అమ్మ తెలుగు. మొదటి తవ్వను ఒకటి అనకూడదు, లాభం అనాలి. ఆ తర్వాతే రెండు, మూడు.

ఎంబీబీఎస్ అయ్యాక మా దగ్గర ఒక ఏడాది హౌస్‌స్టాఫ్ అని చేస్తారు. సర్జరీలో ఐదు ఖాళీలు, ముప్ఫై రెండు అర్జీలు. కంటి విభాగమో చర్మవ్యాధుల విభాగమో తీసుకో, ఆడపిల్లకు సుఖంగా ఉంటుందని చెప్పినవాళ్లు కొల్లలు. లక్ష్మి వినలేదు. దానికి కత్తి పని కావాలి, అంతే. మూడో ఏడాది చదువులో మొదటిసారి ఆపరేషన్ చూసి వచ్చి అన్నం మానేసి రెండు గంటలు దాని గురించే మాట్లాడిన పిల్ల అది.

రోజూ పొద్దున్న ఆరున్నరకు, నేను స్నానం చేసేలోపు, ఇంటర్వ్యూ జరిపేవాణ్ణి. ఫోనులో వెతికి నలభై ప్రశ్నలు, నలభై జవాబులు సిద్ధం చేశాను.

"నీ లోపం ఏటి?" అని అడిగాను.

"కోపం మావా."

"కోపం అనకూడదే గుంటా! నాను మరీ ఎక్కువ కష్టపడిపోతాను, అదే నా లోపం అనాలి."

"అది లోపమేటి మావా, గొప్పలు చెప్పుకోడం."

ఇలాగే సాగేది. పదిహేడో ప్రశ్న దగ్గర మాత్రం అది ఆగిపోయింది. నువ్వు చేసిన తప్పు ఒకటి చెప్పు, అన్నది ఆ ప్రశ్న. లక్ష్మి ముందు గది వైపు చూసింది. అక్కడ మా అమ్మ ఉలవలు చెరుగుతోంది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది.

పోయిన చలికాలంలో ఒకావిడకు కడుపు ఆపరేషన్ జరుగుతోంది. మధ్యలో నెత్తురు అద్దే గుడ్డలు, వాటిని మాప్‌లంటారట, ఇంకొన్ని కావాల్సి వచ్చాయి. నర్సుకు చేతినిండా పని. లెక్కపెట్టి ఇచ్చి బోర్డు మీద రాయమని ఇంటర్న్‌గా ఉన్న లక్ష్మికి చెప్పింది. ఇది మొదటి గుడ్డ తీసి ‘లాభం’ అనుకుంది. అంతలో ఎవరో లైటు తిప్పమన్నారు. తిప్పి వచ్చి, తరవాతి గుడ్డను ‘ఒకటి’ అని మొదలెట్టింది. ఆరు ఇచ్చి ఐదు రాసింది.

చివర్లో ఆ అదనపు గుడ్డల్లో తిరిగొచ్చినవి ఐదే. బోర్డుతో సరిపోయింది. పెద్ద సర్జన్ కుట్టు వేయడానికి సూది అందుకున్నాడు. అప్పుడు దీనికి తను ‘లాభం’ అనుకున్న సంగతి గుర్తొచ్చింది.

"ఆపండి సార్ అన్నాను మావా. అందరూ నన్నే చూశారు. ఇరవై నిమిషాలు కడుపంతా వెతికారు. లోపల లేదు. ఆఖరికి ట్రాలీ చక్రానికి అంటుకునుంది."

"మరి ఆయన?"

"లెక్క రానోళ్లు కిరాణా కొట్టు పెట్టుకోవాలి అన్నాడు."

నాకు ఒళ్లు మండింది. ఆయన మీద సగం, దీని మీద సగం.

"ఈ కత నోరు జారి కూడా అక్కడ చెప్పకు! గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంటాది. టైముకి అన్నం తినను, అదే నా తప్పు అని చెప్పీ."

ముందు గదిలో చేట చప్పుడు ఆగింది. మా అమ్మ అంతా వింది. కాసేపటికి పక్కింటి జగ్గమ్మ చోళ్లకు వచ్చింది. అమ్మ తవ్వ నింపి, ‘ఒకటి’ అంది. నేను పుట్టినప్పటి నుంచి ఆమె నోట ఆ మాట నేను వినలేదు.

"ఏటే దాలమ్మా, శుభమా అని కొంటంటే ఒకటంతావేటి?" అంది జగ్గమ్మ.

"మా గుంట పరువు తీసింది నా లెక్కేనే," అంది అమ్మ.

లక్ష్మి చివాలున లేచి వెళ్లి తవ్వ లాక్కుంది. "నీ లెక్క తప్పు కాదు అమ్మమ్మా, మద్దెలో వొదిలీసింది నాను," అని గట్టిగా అరిచింది. చెప్పాను కదా, దాని లోపం కోపమని.

ఇంటర్వ్యూ గురువారం. నేను సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను. మధ్యాహ్నం మూడింటికి లక్ష్మి వచ్చి చెప్పులు విడుస్తూనే చెప్పింది.

"మావా, మద్దెన కూకున్నది ఆయనే."

"ఎవులు?"

"కిరాణా కొట్టాయన."

దేవుడి మీద భారం వేసి అడిగాను, "తప్పు చెప్పమన్నారా?"

"ఆయనే అడిగాడు. ఉన్నదున్నట్టు చెప్పీసినాను."

ఆయన మొహం మారలేదట. పక్కనున్న ఇద్దరూ కిందికి చూశారట. లెక్క రాని వాళ్లు ఏం చేయాలన్నాను, గుర్తుందా, అని అడిగాడట. ఇది బెదరకుండా జవాబు చెప్పింది.

"కొట్టు పెట్టుకోవాలన్నారు సార్. మా అమ్మమ్మకి ఉంది. కొలత మీద అనుమానమొస్తే ఆవిడ బేరం ఆపీసి, గోనె మీద పోసి మళ్లీ కొలుస్తాది. ఎంతమంది తిట్టినా సరే, అన్నాను మావా."

"ఓలమ్మో!" అన్నాను. నలభై జవాబులు నేర్పితే నలభై ఒకటోది చెప్పి వచ్చింది. ఉన్న ఆశ కూడా పోయింది. కోపంతో కాదు, దిగులుతో ఆ సాయంత్రం దానితో మాట్లాడలేదు. మా అమ్మ మాత్రం దానికి రెండు అట్లు ఎక్కువ వేసింది.

శనివారం లక్ష్మి పొద్దున్నే ఆసుపత్రికి వెళ్లింది. పదింటికి నోటీసు బోర్డు ఫోటో నా ఫోనుకు పంపింది. ఐదు పేర్లు. నాలుగోది మాది. నేను వీధిలోకి పరుగెత్తి, బనీను మీదే ఉన్నానని గుర్తొచ్చి వెనక్కి వచ్చాను. తలుపు మీది బీకాం కింద మేనకోడలి పేరు కూడా రాయించాలని అప్పటికప్పుడే అనుకున్నాను. ఒప్పుకోవాలి, ఆ పిల్ల నా మాట వినకపోవడమే దానికి మేలైంది.

తర్వాత అదే ఫోన్ చేసింది. స్పీకరు పెట్టి అమ్మకు కూడా వినిపించాను.

"ఆయన కనిపించాడా?" అన్నాను.

"మెట్ల కాడ ఆపినాడు మావా. సోమవారం తన ఆపరేషన్‌కి ఏడింటికే రమ్మన్నాడు."

"కోపం పోనాదేటి మరి?"

"అదేటీ అన్లేదు. నర్సు లెక్క నర్సుదే, నీ లెక్క నువ్వూ పెట్టు అన్నాడు." ఆ తర్వాతి మాట లక్ష్మి ఒక్కో ముక్కా కొలిచినట్టు చెప్పింది. "నువ్వు సరే అనీదాకా నేను కుట్టు వెయ్యను అన్నాడు."