మూత తీయని నీళ్ళ సీసా

నాలుగో తరగతి మూడుసార్లు చదివాను. లెక్క ప్రకారం నాది పన్నెండో తరగతి. ఇంతకంటే చదివితే దేశం తట్టుకోలేదని మా అయ్యవారే నన్ను ఇంటికి పంపేశాడు.

నవ్వారా? నవ్వండి. చిన్నప్పటి నుంచీ జనాన్ని నవ్వించడమే నా పని. ఆ నవ్వుల అడుగున ఒక బరువు దాచుకుని ఇన్నేళ్ళూ తిరిగాను. ఇప్పుడు మీ ముందు దించుతున్నాను. మోయమని కాదు. చూడండి, అంతే.

కాటన్‌పేటలో ఒక వఠారం మొగదల నాకు పంక్చర్ షాపు ఉండేది. గాలి ఎక్కడ పోతుందో చూడటానికి ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచుతాం కదా. ముంచిన ప్రతిసారీ మా చర్చి ఫాదర్ గొంతు పెట్టి, "పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున" అనేవాణ్ణి. చర్చిలో బిడ్డ తలమీద నీళ్ళు పోసి జ్ఞానస్నానం ఇచ్చేటప్పుడు చెప్పే మాటలవి. సైకిళ్ళవాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు. నేనూ క్యాథలిక్‌నే, ఆదివారం పూజ తప్పనివాణ్ణే. దేవుడికి మాత్రం హాస్యం ఉండదా అనుకునేవాణ్ణి.

అదే వఠారంలో ఆరోగ్యమ్మ ఉండేది. నన్ను అన్నా అని పిలిచేది. డెబ్భైల చివర్లో ఒక పొద్దున, నెలలు నిండకుండానే ఆమెకు ఇంట్లోనే కాన్పయింది. ఆడపిల్ల. ఏడవలేదు. భర్త ఫ్యాక్టరీలో ఉన్నాడు. తల్లికి రక్తం ఆగక మంత్రసాని కదల్లేకపోయింది. ఆటో పిలిచి, తల్లి కళ్ళారా చూడకముందే బిడ్డను తువ్వాలులో చుట్టి నా చేతుల్లో పెట్టారు. ఆరోగ్యమ్మ పడుకున్నచోటి నుంచే ఒక నీళ్ళ సీసా నాకు ఇప్పించింది.

"దోవలో బిడ్డకి ఏమన్నా అయ్యేట్టుంటే నువ్వే జ్ఞానస్నానం ఇచ్చేయన్నా. ప్రాణం మీదికొస్తే ఎవురైనా ఇయ్యొచ్చంట. నీకు మాటలు బాగా వస్తాయి కదా."

బాగా వస్తాయి. వఠారమంతటికీ తెలుసు.

ఆటోలో బిడ్డ ఊపిరి ఆగి ఆగి వస్తోంది. పెదాలు నీలమయ్యాయి. సీసా మీద చెయ్యి వేశాను. "పిత" అనబోయాను. కళ్ళముందు నల్లటి ట్యూబు, తొట్టి, పళ్ళికిలించే మొహాలు. ఆ మాటలు నా నోట ఎగతాళిగా తప్ప మరోలా రావేమో అనిపించింది. ఎగతాళిగా ఇస్తే అది జ్ఞానస్నానం అవుతుందా? ఈ మలుపు దాటాక చెబుతాను, ఆ మలుపు దాటాక చెబుతాను అనుకుంటూనే ఉన్నాను. ఆస్పత్రి గేటు వచ్చేసింది. నర్సమ్మ తువ్వాలు తీసి చూసి, తల అడ్డంగా ఊపింది.

భయమా? సిగ్గా? నీళ్ళు పోస్తే బిడ్డ మీద ఆశ వదులుకున్నట్టేనని వెనకాడానా? ఇవన్నీ తర్వాత నేను వేసుకున్న ప్యాచీలు. మాట అవసరమైన ఒక్క పూట నాకు మాట రాలేదు. నిజం అదే.

సీసా నీళ్ళు గేటు ముందు కాలువలో పారబోశాను. బిడ్డకు దక్కని జ్ఞానస్నానం కాలువకు దక్కింది. చూశారా, మళ్ళీ ఎగతాళి. ఈ నోరింతే.

ఇంటికొస్తే ఆరోగ్యమ్మ ముందు ఒకే మాట అడిగింది.

"పోసినావా అన్నా?"

"పోసినాను."

అక్కడ ఆగి ఉంటే ఒక్క అబద్ధమే. కానీ ఏ కథకైనా కొసరు తగిలించందే నాకు తోచదు. "నీళ్ళు పడతానే నవ్విందమ్మా" అన్నాను. అప్పుడు ఏడ్చింది ఆమె.

జ్ఞానస్నానం లేకుండా పోయిన పసిబిడ్డలు దేవుడి మొహం చూడరని మాకు చిన్నప్పుడు చెప్పేవాళ్ళు. తన బిడ్డ చూస్తోందని ఆమె నమ్మకం. ఆ నమ్మకం నిలబడింది నా నోటి మీద. ఏటా ఆత్మల పండుగకి సమాధి మీద మొదటి కొవ్వొత్తి నా చేతే వెలిగించేది. తర్వాత పుట్టిన కూతురికి అన్నం పెడుతూ, "నీళ్ళు పడితే మీ అక్క నవ్విందంట, మామ చూసినాడు" అని చెప్పేది. నేను ఆ కొవ్వొత్తిని ఏ మొహంతో వెలిగించాను? ఆ పిల్ల కళ్ళలోకి ఎలా చూశాను?

ఒకసారి కొత్తగా వచ్చిన ఫాదర్ దగ్గర, "ఒకాయన ఉండాడు ఫాదర్" అని మొదలుపెట్టి అంతా చెప్పాను.

"జ్ఞానస్నానం కావాల్సిందేనని దేవుడు మనకి చెప్పినాడు గానీ, తన చేతులు కట్టేసుకోలేదప్పా. అట్లాంటి బిడ్డల్ని మన చర్చి ఆయన కరుణకే అప్పగిస్తాది" అన్నాడు ఆయన. నేను లేవబోతుంటే, "ఆ ఒకాయన్ని తన పాపం తానే ఒప్పుకోను పాపసంకీర్తనానికి రమ్మను" అన్నాడు. ఆ ఒకాయన వెళ్ళలేదు.

ఎనభైల్లో ఆ చిన్నపిల్ల చర్చిలో పూజ అప్పాన్ని, మొదటి సత్ప్రసాదాన్ని, తీసుకున్న రోజున, ఆరోగ్యమ్మ చుట్టాలందరికీ మళ్ళీ ఆ నవ్వు కథ చెప్పింది. అందరూ తిరిగి నన్ను చూశారు. విస్తరి మడిచి లేచాను. చుట్టాలు వెళ్ళిపోయాక, కొళాయి దగ్గర గిన్నెలు తోముతున్న ఆమె ముందు నిలబడి చెప్పేశాను. సీసా, కాలువ, కొసరు, అన్నీ. ఫాదర్ చెప్పిన కరుణ మాట కూడా. చెప్పినంతసేపూ ఒక్క జోకు వేయలేదు. గుండె తేలికైంది. అంత తేలికైనందుకు సిగ్గేసింది.

ఆమె కొళాయి కట్టేసి నన్ను చూసింది.

"నీళ్ళ సంగతి దేవుడు చూసుకుంటాడులే. నాకు నా బిడ్డ మొగమంటే ఆ నవ్వే కదన్నా. ఇప్పుడు ఏ మొగాన్ని తలుచుకోవాల నేను?"