ఇరవై వేల ఆరువందల పదిహేడో ఆట

దయ్యాలు ఉన్నాయా, లేవా అన్న అంశం మీద కాలేజీలో రెండుసార్లు మాట్లాడాను. మొదటిసారి "లేవు" అనే పక్షాన మాట్లాడి గెలిచాను. రెండోసారి చీటీ తీస్తే "ఉన్నాయి" వచ్చింది. నమ్మని మాట నోట సరిగ్గా పలకక ఓడిపోయాను. ఆ ఓటమిని ఇప్పటికీ కొంచెం గర్వంగానే చెప్పుకుంటాను. ఇది ముందే చెప్పడం ఎందుకంటే, ఇప్పుడు రాయబోయేది నా పక్షానికి పనికొచ్చే సాక్ష్యం కాదు. అయినా సాక్ష్యాన్ని దాచడం పద్ధతి కాదు కనుక, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

డిగ్రీ చదివిన మూడేళ్లూ నేను గుణదలలో మా జోజమ్మ అత్తయ్య ఇంట్లో ఉన్నాను. ఆమె మా నాన్నకు అక్క. నాన్న ఉద్యోగం కొండపల్లి దగ్గర థర్మల్ స్టేషన్‌లో. కాలేజీకి రోజూ అంత దూరం తిరగడం ఎందుకని నన్ను అత్తయ్య దగ్గర ఉంచారు. అత్తయ్య పెళ్లి చేసుకోలేదు. ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచరుగా పనిచేసి, నేను వెళ్లడానికి ఏడాది ముందే రిటైరైంది.

రిటైరైన రోజున పాత విద్యార్థినులు కొందరు కలిసి ఆమెకు ఒక కంప్యూటర్ కొనిచ్చారు. తొంభైల చివరి మాట. వీధిలో ఇంకెవరింట్లోనూ కంప్యూటర్ లేదు. ముందుగదిలో, మేరీమాత పటం కింద, తను అల్లిన లేసు గుడ్డ కప్పి ఉంచేది. ఇంటర్నెట్ లేదు, ప్రింటర్ లేదు. అత్తయ్య దానితో చేసిన పని ఒక్కటే. రోజూ టిఫిను చేశాక ఒకటి, సాయంత్రం టీ తాగాక ఒకటి, ఫ్రీసెల్ ఆడేది.

ఆ ఆట తెలియనివారికి నాలుగు మాటలు. యాభై రెండు ముక్కలూ మొదటినుంచే ముఖాలు కనిపించేలా పరిచి ఉంటాయి. అదృష్టం మీద నెట్టేయడానికి వీల్లేదు. ప్రతి ఆటకూ ఒక నంబరు ఉంటుంది, ఒకటి నుంచి ముప్ఫై రెండు వేల దాకా. ఒక నంబరు అడిగితే ఏ కంప్యూటర్‌లోనైనా అవే ముక్కలు అదే వరసలో వస్తాయి. ఎన్ని గెలిచాం, ఎన్ని ఓడాం, వరసగా ఎన్ని గెలుస్తూ వస్తున్నాం అన్నీ యంత్రమే లెక్కపెట్టుకుంటుంది. మధ్యలో మానేసినా ఓటమిగానే రాసుకుంటుంది.

కరెంటు పోతే మాత్రం ఆ ఆట అసలు జరగనట్టే. గెలుపూ కాదు, ఓటమీ కాదు. నంబరు కూడా మిగలదు. మా కాలేజీ ల్యాబులో ఈ రహస్యం అందరికీ తెలుసు. ఓడిపోబోతున్న ప్రతివాళ్లకూ సరిగ్గా ఆ క్షణంలోనే కాలు ప్లగ్గుకు తగిలేది.

ఎండాకాలం కోతలు ఎంత పద్ధతిగా వచ్చేవో, అత్తయ్య వాటిని అంతకన్నా పద్ధతిగా ఎదుర్కొనేది. ఆమెకు ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు ఉండేది. కొత్త ఆట తెరవగానే ముందు నంబరు అందులో రాసేది, ఆ తర్వాతే మౌస్ ముట్టుకునేది. ఆట మధ్యలో కరెంటు పోతే నంబరు పక్కన "కరెంటు పోయింది" అని రాసి ఉంచి, వచ్చాక అదే నంబరు కొట్టి మళ్లీ మొదలుపెట్టేది. మర్నాటి వాయిదాలు లేవు, వేరే ఆటతో సరిపెట్టుకోవడాలు లేవు.

ఆ ఇంట్లో నియమం కూడా ఒకటుండేది. వచ్చిన పిల్లలెవరైనా మామూలు సాలిటైర్ ఆడుకోవచ్చు, ఫ్రీసెల్ మాత్రం ముట్టుకోకూడదు. యంత్రానికి ఎవరి చేతులో తెలియదు, అన్నీ ఒకే లెక్కలో వేసేస్తుంది.

ఒకరోజు టిఫిను దగ్గర దీని మీద నేను వాదానికి దిగాను.

"ఈ లెక్క ఎవరికి చూపిస్తావత్తయ్యా? సర్టిఫికెట్ ఏమైనా ఇస్తారా?"

"ఎవరిస్తారే?"

"మరి కరెంటు పోయి బతికిపోయిన ఆట మళ్లీ ఆడటం దేనికి?"

"ఓడబోయింది కరెంటు కాదుగా, నేను."

"సరే. నోటుబుక్కులో నువ్వు అబద్ధం రాయలేదని సాక్ష్యం ఏంటి?"

"నువ్వు కప్పులు తెచ్చుకునేదానివి, నీకు కావాలి సాక్షులు. నాకెందుకు? ముందు ఆ ఉప్మా తిను, చల్లారిపోతోంది."

నేను రెండో ఏడాదిలో ఉండగా, ఎండలు ముదురుతున్న రోజుల్లో, అత్తయ్య ఒక శనివారం పొద్దున్న ప్యాసింజరు బండిలో కొండపల్లి వెళ్లింది. అక్కడ చుట్టాల పిల్లవాడి బాప్తిస్మం. ఆదివారం సాయంత్రం వస్తానంది. జపమాలతో పాటు నోటుబుక్కు కూడా సంచిలో పెట్టుకుంది. చిక్కుముడి పడిన ఆటల్లో ముక్కల వరస కాగితం మీద దించుకుని, రైల్లో ఆలోచించుకోవడం ఆమెకు అలవాటు. అప్పటికి ఆమె వరస గెలుపులు నూట ఎనభై ఏడు.

సోమవారం నాకు పోటీ ఉంది. అంశం "గెలుపు కన్నా పద్ధతి ముఖ్యం". నాది అనుకూల పక్షం. శనివారం మధ్యాహ్నం దాకా పాయింట్లు రాసుకుని, విసుగొచ్చి కంప్యూటర్ మీది లేసు గుడ్డ తీశాను. ఒక్క ఆట, అదీ తప్పకుండా గెలిచి చూపిద్దామనుకున్నాను. ఎవరికి చూపిద్దామనో ఆలోచించలేదు.

నంబరు 20617 వచ్చింది. ముప్పావుగంట ఆడాను. ముక్కలు తాత్కాలికంగా దాచుకునే ఎడమవైపు ఖాళీ గళ్లు నాలుగూ నిండిపోయాయి. ఒక నల్ల ఏడు మాత్రమే కదలడానికి మిగిలింది. ఇక ఒకే ఎత్తు ఉందని హెచ్చరిస్తూ పైన పట్టీ ఆరుతూ వెలుగుతూ ఉంది. ఆ ఎత్తు కూడా వేసేస్తే నూట ఎనభై ఏడు సున్నా అవుతుంది.

అప్పుడు చేసిన పనిని కూడా నేను వాదనతోనే చేశాను. కంప్యూటర్ బటన్ నొక్కి ఆపడం మోసం, అది నేను చేయను. కరెంటు పోవడం మాత్రం ఎవరి తప్పూ కాదు. అందుకని లేచి వరండాలోకి వెళ్లి, స్టూలెక్కి, మెయిన్ స్విచ్ కిందికి లాగాను. ఫ్యాను తిరగడం మానింది. ఫ్రిజ్జు ఒక్కసారి గుర్రుమని ఊరుకుంది. పక్కింట్లో మిక్సీ తిరుగుతూనే ఉంది. వంద అంకెలు లెక్కపెట్టి స్విచ్ పైకి వేశాను.

కంప్యూటర్ తెరిస్తే ముందు నీలం తెర వచ్చింది. పద్ధతి ప్రకారం ఆపలేదు కనుక తప్పులేమైనా ఉన్నాయేమో వెతుకుతున్నానని దాని మీద రాసి ఉంది. తప్పులేమీ కనిపించలేదట. లెక్క చూశాను. నూట ఎనభై ఏడు, చెక్కు చెదరలేదు.

ఆదివారం సాయంత్రం అత్తయ్య వచ్చి చెప్పులు విడుస్తూనే బల్ల మీది గడియారం చూసింది. కరెంటుతో నడిచే ఆ గడియారం ఎర్రగా పన్నెండు చూపిస్తూ ఆరుతూ వెలుగుతూ ఉంది. దాన్ని సరిచేయాలన్న తెలివి నాకు లేకపోయింది.

"కరెంటు పోయిందేంటే చిట్టీ?"

"నిన్న మధ్యాహ్నం కాసేపు పోయిందత్తయ్యా."

"ఏమైనా ఆడావా?"

"లేదు."

ఆమె తన చేతి గడియారం చూసుకుని బల్ల గడియారం సరిచేసింది. సోమవారం నేను పోటీ గెలిచాను. ఆ కప్పును అత్తయ్యే తుడిచి కంప్యూటర్ మీద, లేసు గుడ్డ మీద పెట్టింది. ఆ తర్వాత దాన్ని అక్కడినుంచి తీసేయమని ఎన్నిసార్లు అడిగానో. "ఉండనీవే, అందంగా ఉంది" అనేది.

ఆ నంబరు ఒక్కరికే చెప్పాను. రమీజా నా డిబేట్ జోడీ. ఆటోనగర్‌లో వాళ్లన్నయ్యకు స్పేర్ పార్టుల కొట్టు ఉంది, అందులో ఒక కంప్యూటర్ కూడా. పోటీ నాడు బస్‌స్టాపులో, ఒక ఆట చచ్చినా రాలేదన్నాను. నంబరు అడిగి తన నోట్సు చివరి పేజీలో రాసుకుంది. రెండు రోజుల తర్వాత వచ్చి, "నాకూ రాలేదే. నువ్వేదో మేధావివి కదా అని ఎక్కువ ఊహించుకున్నాను, మనిద్దరం ఒకటే" అని నవ్వింది. ఆ ఆట నేను ఏ కంప్యూటర్‌లో ఆడానో, ఎలా ముగించానో మాత్రం ఆమెకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

అత్తయ్యకు చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. ఆమె లెక్క రెండు వందలు దాటింది. ఆ అంకె చెప్పినప్పుడల్లా ఆమె ముఖంలో కనిపించే చిన్న సంతోషం చూసి, తర్వాత చెబుదాంలే అనుకునేదాన్ని. ఆమెకున్న ఒకే ఒక్క గొప్ప అది. దాని కింద నేను ఒక అబద్ధం పెట్టాను. ఆమెకు మాత్రం తెలియదు, అనుకున్నాను.

నా డిగ్రీ అయిన ఏడాదే అత్తయ్యకు జబ్బు చేసింది. ఆస్పత్రిలో ఒక సాయంత్రం, నేను బత్తాయి రసం పడుతుంటే, "చిట్టీ, నీ ఆటేమైనా మిగిలిపోయిందా?" అంది. మందుల మత్తులో మాట్లాడుతోందనుకున్నాను. "ఏమీ లేదత్తయ్యా" అన్నాను. "సరే" అని కళ్లు మూసుకుంది. మూడో రోజు పోయింది. చెప్పడానికి నాకు దొరికిన చివరి అవకాశం అదేనని సమాధుల తోటలో నిలబడ్డప్పుడు అర్థమైంది.

నలభయ్యో రోజు ప్రార్థన అయ్యాక సామాను సర్దుతుంటే నోటుబుక్కు చేతికొచ్చింది. ముందునుంచి చివరిదాకా చదివాను. నంబర్లు, గెలుపులు, మధ్యమధ్య "కరెంటు పోయింది"లు. ఓటములు కూడా దాచకుండా రాసుకుంది. తర్వాత బుక్కు మూయబోతూ వెనక అట్ట తిప్పాను.

చివరి పేజీ పైన "చిట్టి" అని రాసి, కింద గీత గీసి ఉంది. గీత కింద ఒకే ఒక్క వరస.

20617. కరెంటు పోలేదు.

దాని పక్కన ఫలితం రాయాల్సిన గడి ఖాళీగా ఉంది.

చేతిరాత ఆమెదే. బోర్డు మీద రాసి రాసి అలవాటైన ఆ ఏడు అంకెకు నడుము మీద అడ్డగీత ఉంటుంది. ఇక్కడా ఉంది.

నా చదువు నాకు నేర్పిన పద్ధతిలో, ప్రతిపక్షం తరఫున అన్ని వాదనలూ నేనే లేవదీశాను. కరెంటు పోలేదన్న సంగతి పక్కింటివాళ్లు చెప్పి ఉండొచ్చు. ఒప్పుకుంటున్నాను. నా ముఖం చూసి ఏదో ఆడానని కూడా కనిపెట్టి ఉండొచ్చు. ముప్ఫై ఏళ్లు పిల్లల ముఖాలు చూసిన టీచరు ఆమె. మరి నంబరు? స్విచ్ లాగిన తర్వాత అది యంత్రంలో ఎక్కడా మిగలదని ఈ పని తెలిసిన ఇద్దరిని అడిగి రూఢి చేసుకున్నాను. ఆ మధ్యాహ్నం నేను దాన్ని ఎక్కడా రాయలేదు. అత్తయ్య స్వయంగా ఆడిన ఆటల్లో ఆ నంబరుందేమోనని బుక్కంతా రెండుసార్లు వెతికాను. లేదు.

నోటుబుక్కులో చూశాకే నాకు ఆ నంబరు గుర్తున్నట్టు అనిపిస్తోందేమో అని కూడా అనుమానించాను. అందుకే రమీజా దగ్గరికి వెళ్లి, ఏమీ చెప్పకుండా, పాత నోట్సు తీయమన్నాను. చివరి పేజీలో, ఆకుపచ్చ ఇంకుతో, 20617.

"మా అత్తయ్యకి నువ్వేమైనా చెప్పావా?"

"మీ అత్తయ్యని నేను ఫొటోలో తప్ప చూళ్ళేదే. ఏమైంది?"

అప్పుడు మొత్తం చెప్పాను. మెయిన్ స్విచ్ దాకా. రమీజా తన నోట్సులోని ఆ నంబరు వైపు మళ్లీ చూసింది. తర్వాత, "అయితే నీ పేరున విడిగా రాసిందన్నమాట. తన లెక్కలో కలుపుకోలేదు" అంది. నాకు అంతవరకూ తట్టని విషయం అది. ఆ ఆట నాది. ఆమె దాన్ని నా పేరు మీదే, ఖాళీ గడితో, అలా ఉంచింది.

అత్తయ్య కంప్యూటర్‌లో ఆడితే ఆమె లెక్క చెడుతుంది. అందుకని మర్నాడు పొద్దున్న ఇద్దరం ఆటోనగర్ వెళ్లి, వాళ్లన్నయ్య కొట్లో కూర్చున్నాం. బయట లారీల ఇనప కమాన్‌పట్టీల మీద సుత్తి దెబ్బలు పడుతున్నాయి. ముందు నోటుబుక్కు తెరిచి పక్కన పెట్టుకుని, తర్వాత మౌస్ ముట్టుకున్నాను. గంటన్నర ఆడాను. మళ్లీ ఓడిపోయాను. ఈసారి చివరి ఎత్తు కూడా వేశాను.

ఖాళీ గడిలో "ఓడాను" అని రాసి, కింద నా పూర్తి పేరుతో సంతకం పెట్టాను.

ఇది జరిగి ఆరేళ్లు దాటింది. ఆ కంప్యూటర్ పాడైపోయింది, ఇల్లు వేరేవాళ్లు అద్దెకు తీసుకున్నారు. నోటుబుక్కు నా దగ్గరుంది. దయ్యాలు లేవనే ఇప్పటికీ అంటాను, ఎవరు పిలిచినా వెళ్లి ఆ పక్షాన మాట్లాడతాను. కానీ నా ప్రత్యర్థి ఎవరైనా ఆ చివరి పేజీ తెచ్చి బల్ల మీద పెడితే, దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇప్పటికీ ఇంట్లో కరెంటు పోతే, కొవ్వొత్తి కోసం వెతకను. ముందు వరండాలోకి వెళ్లి, పక్కిళ్లలో కూడా పోయిందో లేదో చూసి వస్తాను.